సంచిలో పట్టే మిషన్లతో ఊళ్లోనే ఆడవాళ్ల ఆరోగ్య పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పల్నాడు పల్లెల్లో మహిళల స్క్రీనింగ్ క్యాంపులకు ఎనిమిదేళ్లుగా నర్సుగా తిరుగుతున్నాను. బడి వరండాలో కూర్చున్నా, అంగన్‌వాడీ గదిలో కూర్చున్నా, ఊరు మారుతుంది గానీ అడిగే ప్రశ్నలు మాత్రం మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు చదివి, చదువు రాని మీ అమ్మకో అత్తకో చదివి వినిపిస్తే ఇంకా సంతోషం.

ఆ సంచిలో అసలేం తెస్తారు?

బరువు చూసే మిషన్, డిజిటల్ బీపీ మిషన్, షుగర్ చూసే గ్లూకోమీటర్, రక్తం ఎంతుందో చూసే హిమోగ్లోబిన్ మీటర్, గర్భిణులకు కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్. ఇవి ప్రతి క్యాంపుకీ వస్తాయి. వీటితోపాటు గర్భసంచి ముఖద్వారం కనపడేలా దారిని తెరిచి పట్టే స్పెక్యులంలు, మంచి వెలుతురిచ్చే లైటు, పలచటి ఎసిటిక్ యాసిడ్ సీసా ఉంటాయి. కొన్ని టీముల దగ్గర ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే చేతి కెమెరా కూడా ఉంటోంది, పుణెకు చెందిన పెరివింకిల్ సంస్థ చేసిన స్మార్ట్ స్కోప్ లాంటిది. రొమ్ములో గట్టిదనాన్ని పట్టే చిన్న పరికరం ఉన్న టీములూ ఉన్నాయి. అన్నీ కలిపినా రెండు సంచులు దాటవు, ఆటోలో పెట్టుకుని వచ్చేయొచ్చు.

నాకు ఏ బాధా లేదు. ఎందుకు చేయించుకోవాలి?

బాధ మొదలయ్యాక చేస్తే దాన్ని స్క్రీనింగ్ అనరమ్మా. బీపీ, షుగర్, రక్తం తక్కువ కావడం, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ అన్నీ మొదట్లో చప్పుడు చేయకుండానే ఉంటాయి. ముఖద్వార క్యాన్సర్ అయితే రాత్రికి రాత్రి వచ్చేది కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ లోపల పాతుకుపోయి, కణాలు మెల్లగా మారుతూ మారుతూ క్యాన్సర్ అవడానికి మామూలుగా పదేళ్లు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే పట్టుకోవడానికి మనకు అన్నేళ్ల గడువు ఉంది. అయినా 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే మన దేశంలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై దాటిన ఆడవాళ్లలో ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఆ 80 వేల మందిని తలచుకుంటే నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే వీళ్లలో ఎక్కువమంది చావును ఆపగలిగిన రోజు ఒకటి ఉండే ఉంటుంది, ఆ రోజు వాళ్ల ఊళ్లోకి ఎవరూ వెళ్లలేదు.

ఎవరు చేయించుకోవాలి? ఎన్నాళ్లకోసారి?

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మహిళా. బీపీ, షుగర్ ఏడాదికోసారి. ముఖద్వారం, రొమ్ము, నోరు పరీక్షలు అయిదేళ్లకోసారి అని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఇంకా ముందే, పాతికేళ్ల నుంచే మొదలుపెట్టి, తక్కువ వ్యవధిలో చేయించుకోవాలి. రక్తం పరీక్షకు మాత్రం వయసుతో పని లేదు, పెద్దమనిషి అయిన పిల్ల నుంచి అందరికీ అవసరమే.

ఇదంతా లక్షణాలు లేనివాళ్ల మాట. కలయిక తర్వాత రక్తం కనపడినా, ముట్టు ఆగిపోయిన ఏళ్లకు మళ్లీ రక్తం కనపడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, రొమ్ములో గడ్డ తగిలినా క్యాంపు వచ్చేదాకా ఆగకండి. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి.

మీ మిషన్‌లో రక్తం 9 చూపించింది, పట్నం ల్యాబులో 10.5 అన్నారు. ఏది నమ్మాలి?

ఈ ప్రశ్న అడగని ఊరు లేదు, అడగడమూ న్యాయమే. వేలిమీద తీసిన చుక్కకూ, నరం నుంచి తీసిన రక్తానికీ కొంత తేడా సహజంగానే ఉంటుంది. కానీ ఒకటిన్నర తేడా వచ్చిందంటే చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు, చుక్క తీసిన పద్ధతిది.

మిరపకాయలు కోసే చేతులు, పత్తి తీసే చేతులు గట్టిపడిపోయి ఉంటాయి. లాన్సెట్ అనే చిన్న సూదితో పొడిస్తే రక్తం సరిగా రాదు, అప్పుడు వేలిని పట్టుకుని పాలు పిండినట్టు పిండుతారు. అలా పిండితే రక్తంతోపాటు చర్మం కింది నీరు కూడా వచ్చి కలుస్తుంది, రక్తం పలచబడి మీటర్ తక్కువ చూపిస్తుంది. మేం చేసేదేమిటంటే, ముందు గోరువెచ్చటి నీళ్లతో చేతులు కడిగించి, బాగా తుడిచి ఆరనిస్తాం, చెయ్యి కిందికి వేలాడదీయమంటాం, ఉంగరపు వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన పొడుస్తాం. మొదటి చుక్క తుడిచేసి రెండోదో మూడోదో తీసుకుంటాం. స్పిరిట్ ఆరకముందే పొడిచినా లెక్క తప్పుతుంది.

ఇక స్ట్రిప్పుల సంగతి. ఒకసారి ఆగస్టు ముసురులో క్యాంపు పెట్టాం, హడావుడిలో స్ట్రిప్పుల డబ్బా మూత సరిగా పడలేదు. మధ్యాహ్నానికి వరసగా నలుగురికి విపరీతమైన అంకెలు వచ్చాయి. వాళ్లలో ఒకామె కింది కనురెప్పల లోపల చూస్తే ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి, మీటర్ మాత్రం 6 అంటోంది. ఎంత చూపించాలో ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణం వేసి చూస్తే అప్పుడు తెలిసింది, చెమ్మకు స్ట్రిప్పులు పాడైపోయాయని. నలుగురికీ మళ్లీ పరీక్ష చేశాం, క్షమించమని అడిగాం. అప్పటినుంచి డబ్బా తెరిచిన తేదీ దానిమీదే పెన్నుతో రాస్తాను, ఉదయం మొదటి మనిషి కూర్చోకముందే కంట్రోల్ వేసి చూస్తాను.

అంకెలు ఎలా చూడాలంటే, గర్భం లేని ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11 ఉండాలి. గర్భం లేనివాళ్లకు 8 కంటే, గర్భిణులకు 7 కంటే తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్లకు ఐరన్ మాత్రలు, నెల తర్వాత మళ్లీ పరీక్ష. మాత్రతోపాటు టీ తాగకండి, నిమ్మరసమో జామకాయో అయితే మంచిది. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నీరసంగా ఉందంటే పనెక్కువై అని సరిపెట్టుకుంటాం, సగం సార్లు అది రక్తం తక్కువై.

వేలికి గుచ్చకుండా రక్తం చూసే మిషన్లు వచ్చాయట కదా?

వచ్చాయి, వేలికి క్లిప్పు పెట్టి వెలుతురుతో చూస్తాయి. పిల్లలు భయపడరు, స్ట్రిప్పుల ఖర్చు లేదు. కానీ గోరింటాకు ఎర్రగా పండిన వేళ్లకు, గోళ్ల రంగు ఉన్నవాళ్లకు, చేతులు చల్లబడినవాళ్లకు తేడాలొస్తాయి. ఎవరికి గుచ్చి చూడాలో ఏరుకోవడానికి పనికొస్తాయేమో గానీ, వాటి అంకె మాత్రమే చూసి మందు మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

బీపీ మిషన్ ఇంట్లోనూ ఉంది. క్యాంపుకు ఎందుకు రావాలి?

ఇంట్లో ఉంటే మంచిదే, చూసుకుంటూ ఉండండి. కాకపోతే పొలం నుంచి గబగబా నడిచొచ్చి కూర్చోగానే చూస్తే బీపీ ఎక్కువే ఉంటుంది. అయిదు నిమిషాలు ఊరుకుని కూర్చోవాలి, వీపు ఆనించాలి, పాదాలు నేలమీద ఉండాలి, మాట్లాడకూడదు. జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటే పైకి మడిచినప్పుడు అదే తాడులా నొక్కేస్తుంది, అందుకే వదులు జాకెట్టు వేసుకుని రమ్మని ముందురోజే ఆశా అక్కతో చెప్పిస్తాం. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

గర్భిణుల విషయంలో ఇంకా జాగ్రత్త. 140/90కి చేరిందంటే ఆగకూడదు. తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపులో నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రి. క్రేడిల్ అనే బీపీ మిషన్ ఒకటుంది, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకుల బృందం పేద దేశాల గర్భిణుల కోసమే తయారుచేయించింది. అంకెలతోపాటు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వెలుగుతాయి, సెల్‌ఫోన్ చార్జర్‌తో చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఎరుపు వెలిగితే ఏం చేయాలో అంకెలు చదవలేని మనిషికి కూడా అర్థమవుతుంది. పల్లెకు మిషన్ చేసేవాళ్లు ఆలోచించాల్సింది ఇలాగే అనిపిస్తుంది నాకు.

గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఎలా చేస్తారు? నొప్పి పుడుతుందా? సిగ్గుగా ఉంటుంది.

సిగ్గు ఉంటుందమ్మా, నాకూ మొదటిసారి చేయించుకున్నప్పుడు ఉంది. అందుకే లోపలికి ఒక్కొక్కరినే పిలుస్తాం. తలుపుకు గడియ, కిటికీలకు ముదురు రంగు దుప్పట్లు, మంచానికి అడ్డంగా ఇంకో తెర. చీర మార్చుకోవాల్సిన పనిలేదు, పైకి జరుపుకుంటే చాలు, నడుము మీదుగా దుప్పటి కప్పుతాం. పరీక్ష చేసేది ఆడవాళ్లే.

స్పెక్యులం పెట్టినప్పుడు కొంచెం బిగువుగా అనిపిస్తుంది. గట్టిగా ఊపిరి వదిలి నడుం వదులుచేస్తే ఆ బిగువు తగ్గుతుంది. ముఖద్వారం కనపడ్డాక, వెనిగర్‌లో ఉండే అదే ఎసిటిక్ యాసిడ్‌ను నూటికి మూడు నుంచి అయిదు పాళ్లకు పలచన చేసి, దూదితో అద్దుతాం. చురుక్కుమనొచ్చు. ఒక నిమిషం ఆగుతాం. ఆ నిమిషం గడియారం చూసే లెక్కపెడతాను, తొందరపడి అరనిమిషానికే చూస్తే రావాల్సిన తెలుపు రాదు. మామూలు చర్మం గులాబీ రంగులోనే ఉంటుంది, మారుతున్న కణాలున్న చోట మాత్రం చిక్కటి తెల్లమచ్చ తేలుతుంది. అంతే పరీక్ష. మొత్తం అయిదు నిమిషాలు.

ముట్టు రోజుల్లో చేయం. గర్భం ఉంటే చేయం. యాభై దాటినవాళ్లకు, ముట్టు ఆగిపోయినవాళ్లకు ఈ పద్ధతి అంత నమ్మకం కాదు, ఎందుకంటే చూడాల్సిన భాగం లోపలికి వెళ్లిపోతుంది. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మేలు.

లోపల కెమెరా పెడతారంటగా, ఫొటోలు ఎక్కడికి పోతాయి?

ఈ భయం వల్ల ఒక ఊళ్లో పన్నెండు మంది వెనక్కి వెళ్లిపోయారు, వాళ్లని తప్పు పట్టను. కెమెరాలో కనపడేది రూపాయి బిళ్లంత ముఖద్వారం మాత్రమే, మొహం రాదు, ఒళ్లు రాదు. అయినా ముందు మీ ఒప్పుకోలు తీసుకోవాలి, స్క్రీన్ మీద ఏం కనపడుతోందో మీకే చూపించాలి. చాలామంది చూశాక "ఇంతేనా" అంటారు. ఫొటో వద్దంటే వద్దనండి, కంటితో చూసి కూడా పరీక్ష పూర్తి చేయొచ్చు. పర్సనల్ ఫోన్లో తీసి వాట్సాప్‌లో పంపుతామని ఎవరన్నా అంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి, అది సరైన పద్ధతి కాదు.

హెచ్‌పీవీ పరీక్ష అంటే ఏమిటి? అది మనమే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఒక మెత్తటి బ్రష్ ఇస్తారు, తలుపు వేసుకుని మీరే లోపలికి పెట్టి తిప్పి, గొట్టంలో వేసి ఇచ్చేయడమే. ముఖద్వారం కనపడాల్సిన పని లేదు, ఎవరి ముందూ పడుకోనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌కు మొదట వాడాల్సింది వైరస్ డీఎన్‌ఏను పట్టే ఈ పరీక్షే అని చెప్పింది, ఎవరికివారు శాంపిల్ తీసుకోవడం కూడా సరేనంది. దీనికి గట్టి ఆధారం మన దేశంలోనే పుట్టింది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా పల్లె ఆడవాళ్లతో అధ్యయనం చేస్తే, ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గ్రామాల్లో ముఖద్వార క్యాన్సర్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. 2009లో ఆ ఫలితాలు వచ్చాయి.

చిక్కల్లా ల్యాబు దగ్గరే వచ్చేది. శాంపిల్ పట్నం వెళ్లి, రిపోర్టు నెలకొచ్చి, ఈలోగా ఆమె కూలికి గుంటూరు వెళ్లిపోయి ఉంటుంది. ఇప్పుడు గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ చేసిన ట్రూనాట్ లాంటి బ్యాటరీ మిషన్లున్నాయి, టీబీకి, కోవిడ్‌కి వాడినవే. గంట పైచిలుకులో ఫలితం చెప్తాయి. ఒక్కో పరీక్షకు వాడే చిప్పుల ఖర్చు ఉంది, ఒక్కో విడతలో కొద్ది శాంపిళ్లే పడతాయి. అయినా పొద్దున శాంపిల్ ఇచ్చి సాయంత్రం లోపు ఫలితం తెలుసుకుని అదే రోజు వైద్యం కూడా చేయించుకోగలగడం చిన్న సంగతి కాదు.

పాజిటివ్ అంటే క్యాన్సర్ వచ్చినట్టేనా?

కాదు. ఈ మాట విన్నాక చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు, అందుకే పదిసార్లు చెప్తాను. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని మాత్రమే. చాలామందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. భర్తనో, మీ ప్రవర్తననో అనుమానించాల్సిన పనీ లేదు, ఇది ఎప్పుడు పట్టిందో ఎవరూ చెప్పలేరు, పెళ్లైన ఎవరికైనా రావొచ్చు. ఎసిటిక్ యాసిడ్ పరీక్షలో తెల్లమచ్చ వస్తే అక్కడ కణాల్లో మార్పు ఉండొచ్చని అర్థం, ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా రావొచ్చు. ఎక్కువమందిది అక్కడికక్కడే తేలికగా నయం చేయగలిగిన దశ.

దాన్ని మాన్పేది థర్మల్ అబ్లేషన్ అనే చిన్న పరికరం, హెయిర్ డ్రయ్యర్ అంత ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. దాని కొసను 100 డిగ్రీల వేడికి తెచ్చి, మచ్చ ఉన్నచోట 20-30 సెకన్లు ఆనిస్తారు, అవసరాన్నిబట్టి రెండు మూడు చోట్ల. ఎక్కువమందికి మత్తు కూడా అక్కర్లేదు, ముట్టు నొప్పిలా కాసేపు ఉంటుంది. ఇదివరకు ఇదే పని చలితో చేసేవాళ్లు, దానికి పెద్ద గ్యాస్ సిలిండర్ మోసుకెళ్లాలి, సిలిండర్ అయిపోతే క్యాంపు అయిపోయినట్టే. ఆ సిలిండర్ బరువు పోవడంవల్లే ఈ వైద్యం పల్లెదాకా రాగలిగింది. చేయించుకున్నాక కొన్ని వారాలు నీళ్లలా తెల్లబట్ట అవుతుంది, నెల రోజులు భార్యాభర్తలు కలవకూడదు. మచ్చ లోపలి దారిలోకి పాకినా, చూడగానే క్యాన్సర్ అనిపించినా మాత్రం ఈ పరికరం వాడకూడదు, ముక్క తీసి పరీక్షకు పంపాలి.

ఇన్ని తిప్పలెందుకు, గర్భసంచి తీయించేస్తే గొడవే వదిలిపోతుంది కదా?

నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

పైన చెప్పిన 2019-21 సర్వేలోనే 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది దాటింది, దేశంలోకెల్లా మనదే ఎక్కువ. ముప్పై రెండేళ్లకు, ముప్పై అయిదేళ్లకు తీయించుకున్న అక్కలు నా ఎదుట కూర్చుని నడుంనొప్పి, కీళ్ల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు అని చెప్తుంటే ఏం చెప్పాలో తెలియదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్టు ఆగిపోయే వయసు పదిహేనేళ్లు ముందే వచ్చేసినట్టు, ఎముకలకూ గుండెకూ రక్షణ పోయినట్టు.

ఒకామె సంగతి చెప్తాను, ఊరూ పేరూ వద్దు. ఏదో క్యాంపులో తెల్లమచ్చ ఉందని చెప్పి, ఒక చీటీ రాసి చేతిలో పెట్టి పంపేశారు. ఎక్కడికెళ్లాలో చెప్పలేదు. ఆమె ఊరికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకు వెళ్లింది, క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు, ఆపరేషన్ చేశారు. చెవిదుద్దులు తాకట్టు పెట్టి కట్టింది. రెండేళ్ల తర్వాత ఆ కాగితాలు నాకు తెచ్చి చూపించింది. ముక్క పరీక్ష చేసిన రిపోర్టు ఆ కట్టలో లేదు, వేడి పరికరంతో పది నిమిషాల్లో అయ్యే పని అయ్యుండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పనేలేదు. కాగితాలు మళ్లీ మడతపెట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ "అప్పుడు మీరు రాలేదు కదమ్మా" అంది.

కాబట్టి తెల్లబట్టకు గర్భసంచి తీయించకండి. తెల్లమచ్చకు తీయించకండి. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ అని ఎవరన్నా అంటే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంకో ప్రమాదమూ ఉంది, నిజంగానే లోపల క్యాన్సర్ ఉండి, అది తెలుసుకోకుండా మామూలు గర్భసంచి ఆపరేషన్ చేస్తే ఆ వైద్యం సరిపోదు, తర్వాత చేయాల్సిన వైద్యం కష్టమైపోతుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి, జిల్లా ఆసుపత్రి నుంచి చీటీతో వెళ్లొచ్చు.

నాకు గర్భసంచి ఇప్పటికే తీసేశారు. నేనూ రావాలా?

రండి. ముఖద్వారంతో సహా తీశారా, ఎందుకు తీశారు అన్నది ఆపరేషన్ కాగితాల్లో చూస్తాం. ముఖద్వారం మిగిలి ఉన్నా, క్యాన్సర్ మార్పుల కోసమే తీసి ఉన్నా పరీక్ష అవసరం. లేకపోతే అక్కర్లేదు. రొమ్ము, బీపీ, షుగర్, రక్తం మాత్రం మీకూ చూడాలి.

రొమ్ము పరీక్షకు చిన్న మిషన్ ఉందట, మామోగ్రామ్ అక్కర్లేదా?

మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. దానికి బదులు అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఐబ్రెస్ట్‌ఎగ్జామ్ అనే పరికరం చేతిలో పట్టేంత ఉంటుంది, రేడియేషన్ లేదు, సున్నితమైన సెన్సర్లతో రొమ్ములో ఏ భాగం మిగతాదానికంటే గట్టిగా ఉందో చూపిస్తుంది. ఎవరిని ముందుకు పంపాలో చెప్పడానికి పనికొస్తుంది, క్యాన్సర్ అని తేల్చడానికి కాదు. వేడిని చూసే థర్మల్ కెమెరాలూ వచ్చాయి, మన బెంగళూరులోనే నిరామయ్ సంస్థ కంప్యూటర్ విశ్లేషణతో అలాంటిది చేసింది, తాకనక్కర్లేదు కాబట్టి ఆడవాళ్లు ఇష్టపడతారు. అయితే థర్మోగ్రఫీ అనే ఈ వేడి చూసే పద్ధతి మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది, ఆ మాట గుర్తుపెట్టుకోవాలి.

శిక్షణ పొందిన చేతిని మాత్రం తక్కువ చేయకండి. ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ఇరవై ఏళ్లపాటు చేసిన అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేస్తే యాభై దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 30 శాతం దాకా తగ్గినట్టు 2021లో ప్రకటించారు. యాభైలోపు వాళ్లలో ఆ తగ్గుదల కనపడలేదు, అదీ చెప్పాలి.

డాక్టరమ్మ లేకుండా నర్సులు, ఏఎన్‌ఎంలు చేస్తే సరిపోతుందా?

సరిపోతుంది, నేర్చుకుని చేస్తే. అదే ముంబైలో టాటా వాళ్లు ఎసిటిక్ యాసిడ్ పరీక్షను డాక్టర్లతో కాదు, పదో తరగతి చదివి శిక్షణ తీసుకున్న కార్యకర్తలతో చేయించారు. ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. తమిళనాడు దిండిగల్‌లో నర్సులు చేస్తే 35 శాతం తగ్గాయి. నేర్చుకున్నది మర్చిపోకుండా ఉండాలంటే నెలకు కొన్ని పరీక్షలైనా చేస్తూ ఉండాలి, అనుమానం వచ్చినప్పుడు చూపించుకోవడానికి పైన ఒక డాక్టరు ఉండాలి.

కడుపు స్కానింగ్ మిషన్ కూడా చిన్నదొచ్చింది కదా, అది ఎందుకు తేరు?

చట్టం ఒప్పుకోదు. లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో వచ్చిన చట్టం కింద ప్రతి స్కానింగ్ మిషన్‌నూ రిజిస్టర్ చేయాలి. 2012లో చేర్చిన నిబంధన ప్రకారం, చేత్తో మోసుకెళ్లే స్కానింగ్ మిషన్‌ను రిజిస్టరైన ఆసుపత్రి ఆవరణలోనో, ఇతర వైద్యసేవలు కూడా అందించే రిజిస్టరైన సంచార వైద్య వాహనంలోనో మాత్రమే వాడాలి. బడి గదిలో టేబుల్ మీద పెట్టి చూడడం నేరం. కొంతమందికి కోపం వస్తుంది గానీ, ఆడపిల్లల కోసం పెట్టిన కట్టడి ఇది, నేనైతే దాన్ని సమర్థిస్తాను. స్కానింగ్ అవసరమైన గర్భిణిని బండి మాట్లాడి ఆసుపత్రికి పంపుతాం.

మా అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించాం. ఇక పరీక్ష అక్కర్లేదా?

టీకా చాలా మంచిపని చేశారు. అయినా ముప్పై దాటాక ఆ అమ్మాయీ పరీక్ష చేయించుకోవాలి, అన్ని రకాల వైరస్‌లనూ టీకా ఆపదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కల్లా పెట్టుకున్న లక్ష్యంలోనూ టీకా, పరీక్ష, వైద్యం మూడూ ఉన్నాయి.

మా ఊళ్లో క్యాంపు ఎప్పుడు పెడితే ఎక్కువమంది వస్తారు?

మిరప కోతలప్పుడు పెట్టకండి, ఎవరూ రారు. రోజు కూలి వదులుకుని ఏ బాధా లేని పరీక్షకు రమ్మనడం అన్యాయం కూడా. కోతలు మొదలుకాకముందు, లేదా అయిపోయాక, మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా పెడితే మాకు రెట్టింపు వచ్చారు. డ్వాక్రా సంఘం మీటింగ్ రోజైతే ఇంకా మంచిది. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమానికి మంగళవారం అని ఒక రోజు ఖాయం చేశారు, అలా రోజు గుర్తుండిపోతే ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకుని వెళ్తారు. తాగునీళ్లు, బాత్రూం ఉన్న చోటే పెట్టండి. పరీక్షకు ముందు ఒంటికి వెళ్లిరావాలి, బాత్రూం లేక నలభై మంది వచ్చిన చోట పదిహేను మందికే చేయగలిగిన రోజు ఉంది.

మేం అమెరికాలో ఉంటాం, మా ఊరికి ఒక మిషన్ కొనిద్దామనుకుంటున్నాం. ఏది కొనాలి?

మీ మనసుకు దణ్ణం. కొనే ముందు ఒక్క విషయం వినండి. ఒక ఊళ్లో ఇలాగే ప్రేమగా పంపిన హిమోగ్లోబిన్ మీటర్ రెండేళ్లు బీరువాలో ఉంది. మొదట ఇచ్చిన వంద స్ట్రిప్పులు నెలన్నరకే అయిపోయాయి, అవి ఆ కంపెనీ మిషన్‌కు తప్ప వేరేదానికి సరిపోవు, ఇక్కడ మందుల షాపుల్లో దొరకవు. మిషన్ ధరకంటే మూడేళ్ల స్ట్రిప్పుల ధర ఎక్కువని పంపినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

స్ట్రిప్పులు, చిప్పులు మన జిల్లాలో దొరుకుతాయా, రిపేరుకు మనిషి వస్తాడా, లెక్క సరిచూసే కాలిబ్రేషన్ ఏడాదికోసారి ఎవరు చేస్తారు, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది అని కనుక్కోండి. మే నెలలో మా బండి లోపల చెయ్యి పెట్టలేం, చాలా స్ట్రిప్పుల డబ్బాల మీద 30 డిగ్రీలలోపు ఉంచమని రాసి ఉంటుంది, అందుకే ఒక మంచి ఐస్ బాక్స్ కూడా ఆ లెక్కలోనే వేసుకోండి. స్పెక్యులంలు ఒక క్యాంపుకు నలభై అయినా ఉండాలి, లేకపోతే మధ్యలో ఆపి శుద్ధిచేసుకోవాలి, అక్కడే తొందరపాటు మొదలవుతుంది.

ఇంకా డబ్బు మిగిలితే నా మాటగా ఒకటి చేయండి, పాజిటివ్ వచ్చినవాళ్లను జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడానికి ఏడాదికి సరిపడా ఆటో చార్జీలు, తోడు వెళ్లే ఆశా అక్కకు ఆ రోజు కూలి పక్కన పెట్టండి. మా రిజిస్టర్‌లో చివరి గడి పేరు "వెళ్లిందా, వైద్యం అయ్యిందా" అని. మేం ఆ గడి నిండేదాకా పేరు కొట్టేయం, ఫోన్ ఎత్తకపోతే ఇంటికి వెళ్తాం, ఇల్లు మారితే పుట్టింటివాళ్లను అడుగుతాం. మిషన్ ఆర్డరు పెట్టే ముందు మీ ఊరి ఏఎన్‌ఎంకు ఒకసారి ఫోన్ చేసి, ఇప్పుడు ఆమె దగ్గర ఏముందో, ఏది అయిపోయిందో, ఆ గడులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో అడగండి.